ఇద్దరు గాలెమ్మలు

మా మిద్దె మీది గదిని నాన్న పత్తి కాలానికి బాడుగకు ఇచ్చేవాడు. ఆదోనికి పత్తి బండ్లు దిగడం మొదలైతే, జిన్నింగు మిల్లుల్లో మిషన్లు చూసుకోవడానికి బొంబాయి నుంచి మనుషులు వచ్చేవారు. ఒక ఏడు వచ్చిన ఇంజనీరు భార్యను కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. కొత్తగా పెళ్ళయిన గుజరాతీ అమ్మాయి. భర్త మిల్లుకు పోగానే ఆమె మంచం మీద బోర్లా పడుకొని, కాళ్ళు పైకెత్తి ఊపుకుంటూ రంగురంగుల బొమ్మల పుస్తకాలు చదివేది.

మా జేజికి, అంటే నాన్న తల్లికి, ఆ కాళ్ళు ఊపడం మొదటి రోజు నుంచీ నచ్చలేదు. అసలు జేజికి నమ్మకం కుదిరిన సంగతులు తక్కువ. మా ఊరు బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలులో కలిసి అప్పటికి కొన్నేళ్ళు గడిచినా, ఆమె ఇంకా కర్నూలును నమ్మలేదు.

"పెండ్లయిన ఆడది బొమ్మలు సూసుకుంటా పండుకుంటాదా? ఆ పుస్తకాల్లో ఏముండాదో ఎవురికి తెలుసు? నువ్వు పైకి పోవాకు" అనేది నాతో.

అమ్మ మాత్రం ఉగ్గానో, రెండు మిరపకాయ బజ్జీలో గిన్నెలో వేసి నా చేతికిచ్చి, "పైన ఇచ్చి రాపో" అనేది. జేజి వినేటట్లు, "బిన్నా రా" అని తొందర కూడా పెట్టేది. ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. నేను గిన్నె ఇచ్చి అక్కడే కూర్చునేదాన్ని.

ఆమె హిందీ, నా వీధి ఉర్దూ కలిసి కథకు సరిపోయేవి. ఆమె చదివే పుస్తకాలన్నిటిలోనూ ఒక్కతే ఆడమనిషి. గాలిలో ఎగురుతుంది. లారీని ఒంటి చేత్తో లేపుతుంది. దొంగలను కట్టిపడేసి, మరుసటి రోజు ఏమీ ఎరగనట్లు పనికి పోతుంది. అట్ట మీద ఆమె పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో, విల్లు మాదిరి వంచి రాసి ఉండేది. ఇంజనీరు భార్య ఆ పేరు ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగలేదు. గాలిలో ఎగురుతుంది కాబట్టి గాలెమ్మ అని పేరు పెట్టుకున్నాను. పేరు పలకలేకపోయినా ఆ అక్షరాల రూపం మాత్రం కళ్ళు మూసుకున్నా కనపడేది.

పత్తి కాలం అయిపోయి వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆమె రెండు పుస్తకాలు నాకిచ్చింది. నాకప్పుడు పదకొండేళ్ళు. బియ్యం డబ్బాల వెనుక దాచుకొని, ఎండాకాలం సెలవులు వచ్చేసరికి ప్రతి బొమ్మా నోటికి వచ్చేటంతగా చూశాను. నా గాలెమ్మ కళ్ళకు నల్ల ముసుగు కట్టుకుంటుంది. జుట్టు చెవుల దాకానే ఉంటుంది. భుజాల నుంచి నీలం గుడ్డ ఒకటి రెక్కలాగా వేలాడుతుంది. మోకాళ్ళ దాకా ఎర్ర బూట్లు. పగలు కళ్ళద్దాలు పెట్టుకొని చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. నీళ్ళలో పడిందంటే మాత్రం బలమంతా పోయి మామూలు ఆడమనిషి అయిపోతుంది.

ఆ సెలవులకు అమ్మ, నేను ఎమ్మిగనూరులో చిన్నమ్మ ఇంటికి పోయాము. చిన్నమ్మ అంటే అమ్మకు సొంత చెల్లెలు. ముందు భాగం చీరల కొట్టు, వెనుక ఇల్లు. ఇంటి వెనుక సందంతా మగ్గాలే. రంగు కాగుల వాసన, తడి నూలు వాసన దొడ్డి దాకా వచ్చేవి. చిన్నమ్మ కూతురు నాకంటే ఏడాది పెద్దది. అక్కా అనే పిలిచేదాన్ని. ప్రతి సెలవుల్లో మేమిద్దరం ఒకే చాప మీద పడుకొని ఒకే దుప్పటి కోసం పోట్లాడుకునేవాళ్ళం. ఆమెకు చూపించాలనే నా రెండు పుస్తకాలు లంగాల మడతల్లో పెట్టి తెచ్చాను.

అక్క అట్ట చూసిందో లేదో లేచిపోయి, పెట్టె అడుగు నుంచి ఇంకొక పుస్తకం తెచ్చింది.

"నాతావ గూడా ఉండాది" అంది.

చిన్నాయన చీరలు చుట్టివ్వడానికి మద్రాసు నుంచి పాతకాగితాలు కట్టలు కట్టలుగా తెప్పించేవాడు. వాటిలో దొరికిందట. అట్ట మీద అక్షరాలు అవే. అదే వంపు. నా గుండె ఎగిరింది. కానీ లోపల పుట తిప్పితే ఉన్నది నా గాలెమ్మ కాదు. ముసుగు లేదు. జుట్టు నడుము దాకా, అదీ గోధుమ రంగు. నీలం గుడ్డ లేదు. కాళ్ళకు బూట్లు లేవు, వార్ల చెప్పులు. పగలు ఆస్పత్రిలో నర్సు. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆమె సముద్రంలో దూకి మునిగిపోతున్న పడవను లాక్కొస్తోంది.

"ఇది గాలెమ్మ కాదు" అన్నాను.

"పేరు సూడు. అదే గదా?"

"పేరు ఎవురైనా పెట్టుకుంటారు. గాలెమ్మ నీళ్ళలో దిగితే బలం పోతాది. ఇది ఈత కొడతాండాది. ఇది నకిలీది."

అక్క మొహం ఎర్రబడింది. నా పుస్తకం లాక్కొని ఒక్కో పుటా కంటికి దగ్గరగా పెట్టుకొని చూసింది.

"నీదే నకిలీది. ముసుగు ఎందుకు కట్టుకుంటాది? దొంగలు కట్టుకుంటారు ముసుగు. అసలు గాలెమ్మ పేరు ఇది దొంగిలించిండాది" అంది.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ముసుగు ఎందుకు కట్టుకుంటుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అది నాకు అందంగా కనపడింది, అంతే. ఆ రోజు నుంచి ఆ నల్లముసుగు చూసినప్పుడల్లా నాకే లోపల ఏదో తేడాగా ఉండేది. ఆ తేడాను బయట పడనివ్వకుండా ఇంకా గట్టిగా వాదించేదాన్ని.

రోజూ పొద్దున్నే మొదలయ్యేది. మూడు పుస్తకాలు పక్కపక్కన పరిచి సాక్షులను విచారించినట్లు విచారించేవాళ్ళం. పేరులో మూడో అక్షరానికి నా పుస్తకంలో చిన్న తోక ఉంది, అక్క పుస్తకంలో లేదు. తోక ఎవరు తీశారు? నా గాలెమ్మ ముక్కు మొనదేలి ఉంటుంది, దానిది గుండ్రం. నా గాలెమ్మ వేళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, దాని గాలెమ్మ వేళ్ళు పిండిబొమ్మకు పెట్టినట్లు ఉంటాయి.

ఇంటి వెనుక రంగులు అద్దేవాళ్ళు ఉన్నారన్న సంగతి నాకు గుర్తుకొచ్చింది. అక్క వాళ్ళతో పొద్దస్తమానం కబుర్లు చెప్పేది. ఆ గోధుమ రంగు జుట్టు వాళ్ళ కాగులో నుంచే వచ్చిందేమో అని అనుమానం వచ్చి, అక్క స్నానానికి పోయినప్పుడు వేలు తడి చేసుకొని జుట్టు మీద రుద్దాను. రంగు ఊడలేదు. అక్క తిరిగొచ్చి తడి మరక చూసింది. మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే తడిగుడ్డతో నా గాలెమ్మ ముసుగు తుడవబోయింది. ముసుగు నేను సిరాతో గీశానని దాని అనుమానం. సిరా పోలేదు గానీ కాగితం చిరిగి, కంటి దగ్గర చిల్లు పడింది. ఆ చిల్లులో నుంచి వెనుక పుటలోని లారీ చక్రం కనపడేది.

ఇట్లా ఉండగా చిన్నాయన కొట్టులో కొత్త కట్ట విప్పారు. పనివాళ్ళు చించక ముందే అక్క, నేను పోయి దానిమీద పడ్డాము. ఆ కట్టలో ఇంకొక పుస్తకం దొరికింది. అట్ట చూసి ఇద్దరం నోరు తెరిచాము. అట్ట మీద ఇద్దరూ ఉన్నారు. ముసుగు కట్టుకున్న పొట్టి జుట్టుది ఒక పక్క, ముసుగు లేని పొడుగు జుట్టుది ఒక పక్క. ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటున్నారు.

"ఇప్పుడు తేలిపోతాది. దొంగది యాదో దీంట్లో రాసింటారు" అంది అక్క.

పందెం వేసుకున్నాము. ఎవరి గాలెమ్మ దొంగదని తేలితే వాళ్ళు తమ పుస్తకాలు రెండోవాళ్ళకు ఇచ్చేయాలి. మా ఇద్దరికీ ఇంగ్లీషు అక్షరాలు వచ్చుగానీ మాటలు కూడబలుక్కుంటే సగం పైన తెలిసేవి కావు. నాలుగిళ్ళ అవతల ఇంగ్లీషు అయ్యవారు ఉండేవారు. ఆ ఊరివారే. ఆయన దగ్గరికి తీసుకుపోయాము. ఆయన పుస్తకాన్ని ముందు తిరగేసి, వెనుక తిరగేసి, వాసన కూడా చూశారు.

"ఇది యాడిది? మీ నాయనకు తెలుసునా?" అని అడిగారు.

"మా నాయన కొట్లోదే, సార్" అంది అక్క.

"సరే. నేను సదివి సెప్పినానని బడిలో ఎవురికీ సెప్పొద్దండి" అని, కళ్ళజోడు పెట్టుకొని, గొంతు సవరించుకొని మొదలుపెట్టారు. ఆయన బొమ్మల్లోని మాటలను పరీక్ష పేపరు చదివినంత గంభీరంగా చదివి తెలుగులో చెప్పారు. ఒక ఊరిలో ఒకే రోజు రెండు చోట్ల దొంగతనాలు ఆగిపోతాయి. రెండు చోట్లా జనం గాలెమ్మే కాపాడిందంటారు. ఒకచోట వాళ్ళు ముసుగు ఉందంటారు, ఇంకొకచోట వాళ్ళు లేదంటారు. చివరికి ఇద్దరూ ఒక మిద్దె మీద ఎదురుపడతారు.

"ముసుగామె అంటాంది, ఆ పేరు నాది, నువ్వెవురు అని. ఇంగొకామె అంటాంది, పుట్టినప్పటి నుంచీ ఆ పేరు నాదే, నువ్వెవురో సెప్పు అని" అని అయ్యవారు పుట తిప్పబోతుంటే, లోపలి నుంచి వాళ్ళ ఇంటావిడ భోజనానికి పిలిచింది. మిగిలింది రేపు చెబుతానని ఆయన లేచిపోయారు.

ఇంటికి వస్తుంటే ఇద్దరికీ ఒకటే భయం. రెండో పిల్ల ముందే మిగిలిన బొమ్మలు చూసేసి, రేపటికి వాదన తయారు చేసుకుంటుందేమో. అక్క వెనుక సందులోకి పరుగెత్తి గుప్పెడు ఎర్రనూలు తెచ్చింది. చదవని పుటలన్నిటినీ కలిపి నూలుతో చుట్టాము. నేను ఒక ముడి వేశాను. నా ముడిని నమ్మక అక్క దాని మీద ఇంకొక ముడి వేసింది. పుస్తకాన్ని నడవలో అందరికీ కనపడే గూట్లో పెట్టాము, ఎవరు ముట్టుకున్నా తెలిసేటట్లు.

మరుసటి రోజు అయ్యవారి ఇంటికి పోదామని గూట్లో చెయ్యి పెడితే పుస్తకం చాలా పల్చగా తగిలింది. ఎర్రనూలు లేదు. నూలు కట్టిన పుటలు లేవు. కుట్టుపిన్నుల దగ్గర చిరిగిన కాగితం పీలికలు రెండు మూడు మిగిలి ఉన్నాయి.

"నువ్వే సింపినావు! నీ ముసుగుది దొంగదని తేలిపోతాదని సింపినావు!" అని అక్క నా జడ పట్టుకుంది.

"నువ్వే! నీ ఇల్లు, నీ గూడు, నీ నూలు! ముడి ఇప్పడం నీకే తెలుసు!" అని నేను దాని చెయ్యి కొరికాను.

చిన్నమ్మ వంటింట్లో నుంచి వచ్చి మమ్మల్ని విడదీసింది. విడదీసింది గానీ, ఎందుకు కొట్టుకుంటున్నారని అడగలేదు. అది నాకు అప్పుడు తోచలేదు. అక్క నా లంగాలు దులిపి వెతికింది. నేను దాని పెట్టె బోర్లించాను. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం ఇంకా పెద్ద రుజువుగా కనపడింది ఇద్దరికీ. నేను మిగతావాళ్ళ మీద కూడా కన్ను వేశాను. అయ్యవారింట్లో బొమ్మలంటే పడిచచ్చే చిన్నపిల్లలు ఉన్నారు. అక్క వాళ్ళ అవ్వ, అంటే చిన్నాయన తల్లి, కాగితం కనిపిస్తే గుగ్గిళ్ళు పొట్లం కట్టుకునేది. ఆమె కొంగు ముడిని కూడా దూరం నుంచి పరీక్షగా చూశాను. కానీ ఎంత తిరిగినా నా అనుమానం చివరికి అక్క మీదికే వచ్చి ఆగేది. పుటలు పోతే మంచిదనుకునే మనిషి నా లెక్కలో దాన్ని మించి లేదు.

సెలవులు పూర్తికాక ముందే ఆదోనికి తిరిగి వచ్చేశాము. బస్సెక్కేటప్పుడు అక్క బయటికి రాలేదు.

ఇది పిల్లల తగువుగానే పోయి ఉండేది. కానీ ఆదోనిలో మా దగ్గరివాళ్ళ పెళ్ళికి చిన్నమ్మ ఒక్కతే వచ్చింది. పంక్తిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు అమ్మ నవ్వుతూనే, "మీ పాప ఎంత పని సేసిందే! పుస్తకం సింపి దాసిపెట్టి మా పాప మీద ఏసింది" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు.

"నా బిడ్డ దొంగనా?" అంది.

"దొంగ అంటినా నేను? పిల్లల మాట సెప్పినా."

"అందరి ముందర సెప్పితివి గదా" అని చిన్నమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. దీపావళికి రాలేదు. అమ్మ కబురు పంపలేదు. ఎమ్మిగనూరు నుంచి ఎవరైనా వస్తే అమ్మ వాళ్ళ ఎదుట కూర్చొని ఊరి సంగతులన్నీ అడిగేది, చిన్నమ్మ సంగతి తప్ప. వాళ్ళే చెబుతారేమోనని ఎదురుచూసేది.

పత్తి కాలం తిరిగొచ్చింది. పైగదికి ఇంజనీరు, అతని భార్య మళ్ళీ వచ్చారు. ఆమె ఈసారి కడుపుతో ఉంది. కాళ్ళు ఊపడం లేదు గానీ పుస్తకాలు మాత్రం తెచ్చుకుంది. ఆమె సామాను సర్దుకోక ముందే నేను పైకి పోయి సంగతంతా చెప్పి, ఏది అసలు, ఏది నకిలీ అని అడిగాను.

ఆమె నవ్వింది. నా పుస్తకం తీసుకొని మొదటి పుట అడుగున చీమల్లాంటి అక్షరాలు చూపించింది. అచ్చువేసిన సంవత్సరం అక్కడ ఉంటుందట. అంతకు ముందు నేను దాన్ని పుట అంచున పడిన మురికి అనుకున్నాను. ఆమె చెప్పింది ఇది. పొడుగు జుట్టుది పాతది, యుద్ధం నాటిది. దాన్ని గీసినవాళ్ళు మానేశారు. తరువాత ఇంకెవరో అదే పేరు తీసుకొని, కొత్త బట్టలు, కొత్త ఉద్యోగం ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. ముక్కు చూసినా, వేళ్ళు చూసినా గీసిన చెయ్యి వేరని తెలుస్తుంది.

"దోనో సచ్చీ" అంది. ఇద్దరూ నిజమైనవాళ్ళే.

నాకు ఆ మాట నచ్చలేదు. ఇద్దరూ నిజమే అనేది పెద్దవాళ్ళు తగువు తీర్చడానికి అనే మాట. నాన్న మండీలో ఇద్దరు రైతులు కొట్టుకుంటే ఆయన కూడా అదే అనేవాడు. పైగా ఈమెకు అక్క తెలియదు, అక్క పుస్తకం చూడలేదు. మరి ఎట్లా చెబుతోంది? కిందికి వచ్చి నా రెండు పుస్తకాల్లో ఆ సంవత్సరాలు చూసుకున్నాను. రెండూ ఈ మధ్యవే. అక్క పుస్తకంలో ఏముందో చూస్తే తప్ప నమ్మకూడదని నిశ్చయించుకున్నాను. చూడాలంటే ఎమ్మిగనూరు పోవాలి. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎత్తేటట్లు లేదు.

ఆ చలికాలం చివర చిన్నాయన కొట్టు గుమాస్తా వచ్చి, అక్క పెద్దమనిషి అయిందని కబురు చెప్పాడు. అమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి పంపి, వంటింట్లోకి పోయి చాలాసేపు ఏదో సర్దుతూ ఉండిపోయింది. తరువాత నువ్వులు వేయించడం మొదలుపెట్టింది. నువ్వులుండలు, ఎండుకొబ్బరి, కొత్త లంగా ఓణీ మూటగట్టి మరుసటి ఉదయం నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కింది. "పిలిసినారు గదా, పోకుంటే బాగుండదు" అని నాతో అంది, నేనేమీ అడగకపోయినా.

అక్కను నడవలో ఒక మూల కొత్త చాప మీద కూర్చోబెట్టారు. పక్కన వేరే చెంబు, వేరే గిన్నె. ముట్టుకోకూడదు, దూరంగా కూర్చొని మాట్లాడమన్నారు. అమ్మ, చిన్నమ్మ ఒకే వంటింట్లో ఉండి, అందరితో మాట్లాడుతూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా పని చేస్తున్నారు. బెల్లం కావలసినా మూడో మనిషిని అడుగుతున్నారు.

అక్క సన్నబడింది. ఓణీ సర్దుకుంటూ నన్ను చూసి చూడనట్లు చూసింది. ఏం మాట్లాడాలో తెలియక నేను నేరుగా విషయానికి వచ్చాను.

"నీ పుస్తకంలో మొదటి పుట కింద అచ్చేసిన ఏడు రాసింటాది. సూడు."

"యాల?" అంది, ఎందుకు చూడాలన్నట్లు అనుమానంగా.

బొంబాయి ఆమె చెప్పింది చెప్పాను. అక్క దిండు కింద నుంచి పుస్తకం తీసింది. అక్కడే పెట్టుకుందన్నమాట. మొదటి పుట కిటికీ వెలుతురుకు పట్టుకొని చూసింది. తరువాత పుస్తకాన్ని చాప అంచు దాకా జరిపింది, నేను ముట్టుకోకుండానే చూసేటట్లు. సంవత్సరం పాతదే. యుద్ధం నాటిదే.

"సరే" అంది అక్క. "నీది దొంగది కాదు, నాదీ కాదు. మరి పుటలు యాల సింపినావు?"

"నేను సింపలే."

"నిజం సెప్పు. ఇప్పుడు సెప్పినా నేను ఏమనను."

"నేను సింపలే అక్కా! నువ్వే సింపినావనుకుంటి!"

"సింపింది నేను" అని గుమ్మం దగ్గర మాట వినపడింది.

చిన్నమ్మ. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఓళిగలు. నేనూ అక్కా ఆమె చెప్పింది తప్పుగా విన్నామనుకున్నాము.

"నేనే సింపినా" అని చిన్నమ్మ మళ్ళీ అంది. పళ్ళెం కింద పెట్టి గోడకు ఆనుకుంది. "ఆ దినాల్లో మీరిద్దరూ కోడిపుంజుల మాదిరి కొట్టుకుంటాండిరి. గూట్లో సూస్తే పుస్తకానికి నూలు సుట్టి, ముడి మీద ముడేసిండాది. ఆడపిల్లలు ఏం కట్టిపెట్టినారో అని అనుమానం వచ్చి ఇప్పి సూస్తి. లోపల ఒగతి నేల మీద బోర్లా పడుండాది. ఇంగొగతి దాని మీద నిలబడి సెయ్యి సాపిండాది. ఇది సూస్తే ఈళ్ళు ఇంగా రెచ్చిపోతారు, ఒగ బొమ్మ కోసరం పాణాలు తీసుకుంటారు అనుకుంటి. పొయ్యిలో పెట్టేస్తి."

"మరి ఇన్నాళ్ళు యాల సెప్పలే, అమ్మా?" అంది అక్క.

"సెప్దామనే ఉన్నింటి. పెండ్లిలో మీ పెద్దమ్మ అందరి ముందర ఆ మాట అనింది. ఆ పొద్దు సెప్పింటే దొంగపేరు నీ మీది నుంచి నా మీదికి వస్తాండె. నోరు రాలే. ఆ పొద్దు సెప్పకపోతే మరుసటి దినం సెప్పడం ఇంగా కష్టమాయె."

చిన్నమ్మ చెబుతున్నంతసేపూ నేను ఆమె కళ్ళలోకి చూస్తూనే ఉన్నాను. నమ్మబుద్ధి కాలేదు. కూతురిని కాపాడుకోవడానికి నింద తన మీద వేసుకుంటోందేమో అనిపించింది. పక్కకు చూస్తే అక్క నన్నే చూస్తోంది, అదే చూపుతో. ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లను కాపాడడానికి తన తల్లి అబద్ధమాడుతోందని అది అనుకుంటోంది. ఆ సంగతి తరువాత చెప్పుకొని ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాము గానీ అప్పుడు నవ్వు రాలేదు.

అక్క వదల్లేదు. "పడినదాని జుట్టు పొట్టిదా, పొడుగుదా?" అని అడిగింది.

"మొగం నేలకుండాది. రంగులు ఒగదాంట్లో ఒగటి కలిసిపోయిండె. నేను అంత పరీక్షగా సూడలే."

"ముసుగు?"

"సూడలే అంటి గదా."

"నిలబడినదాని సెయ్యి ఎట్లుండె? సూపియ్యి."

చిన్నమ్మ విసుగ్గా వంగి, కుడిచెయ్యి కిందికి చాపింది. "ఇట్ల" అంది. అట్లా చాపి తన చేతిని తానే చూసుకుంది. అరచెయ్యి పైకి ఉంది. వేళ్ళు తెరిచి ఉన్నాయి.

"పిడికిలి బిగించలేదా?" అన్నాను నేను.

చిన్నమ్మ కాసేపు ఆ చేతిని అట్లాగే పట్టుకుంది. "లేదు" అంది. "తెరిసే ఉండె. కొట్టనీకి అనుకుంటినే..."

ఆమె పళ్ళెం అక్కడే వదిలేసి వంటింట్లోకి పోయింది. తన చేతిని చూసుకున్న ఆ చూపు అబద్ధమాడే మనిషిది కాదు. అప్పుడు నమ్మాను. అక్క కూడా నమ్మింది, ప్రశ్నలు ఆపి ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది కాబట్టి.

కానీ మా ఇద్దరికీ వాదన లేకుండా ఎట్లా గడుస్తుంది? చెయ్యి తెరిచి ఉంటే లేవదీయడానికే అని నేను. చెంపదెబ్బ కొట్టేవాళ్ళు కూడా చెయ్యి తెరిచే కొడతారు అని అక్క.

"వంగితే లేపనీకే. నువ్వు పండుకో, సూపిస్తాను" అన్నాను.

అక్క గుమ్మం వైపు ఒకసారి చూసి, ఓణీ దోపుకొని చాప మీద బోర్లా పడుకుంది. జుట్టు మొహం మీద వేసుకుంది. నేను దాని మీదికి వంగి, చిన్నమ్మ చూపినట్లే చెయ్యి చాపాను. సరిగ్గా అప్పుడే అవ్వ పసుపుగిన్నె పట్టుకొని లోపలికి వచ్చింది.

"అయ్యో! పెద్దమనిషైన పిల్లను కొడతాండావేందే!" అని కేక వేసింది.

ఆ కేకకు ఉలిక్కిపడి అక్క తల ఎత్తింది. లేవడానికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవ్వ రెండో కేక మొదటిదానికంటే పెద్దది.

"ముట్టుకుంటివి గదే! మైల పడిపోతివి! నీళ్ళు పోయండి దీనికి!"

నన్ను దొడ్లోకి తోశారు. మాఘమాసపు చలి. గుడ్డలతోనే బండ మీద కూర్చోబెట్టారు. నీళ్ళు చేదడానికి అమ్మ వచ్చింది, పోయడానికి చిన్నమ్మ వచ్చింది. మొదటి చెంబుకే నేను కెవ్వుమన్నాను.

"ఉడుకునీళ్ళు కలుపుదామా?" అంది చిన్నమ్మ, ఎవరిని అడుగుతోందో తెలియకుండా.

"వద్దులే. దీనికి ఇట్లనే పొయ్" అంది అమ్మ.

ఆ మాట ఎవరితో అందో అందరికీ తెలిసింది. చిన్నమ్మ రెండో చెంబు కుమ్మరిస్తూ, తల ఎత్తకుండా, తాను చెప్పవలసింది చెప్పింది. పొయ్యి సంగతి, నూలు సంగతి, పెళ్ళి సంగతి. అమ్మ చేదను బావిలో సగానికి వదిలి తాడు పట్టుకొని అట్లాగే నిలబడి విన్నది. నేను మధ్యలో కూర్చొని పళ్ళు కొరుకుతూ వణుకుతున్నాను. ఇద్దరిలో ఎవరికీ నా సంగతి గుర్తు లేదు.

"పిచ్చిదానా" అంది అమ్మ చివరికి. "ఆ పొద్దే నాతో ఒగ మాట సెప్పింటే ఏం పోయె?"

"నువ్వు నమ్ముతాంటివా?" అంది చిన్నమ్మ.

అమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏమో" అని, చేద పైకి లాగి, చెల్లెలి చెంబులోకి నీళ్ళు వంచింది.